నక్షత్రాల దాకా వెళ్లాలంటే కరెంటు బిల్లు ఎంత?

సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని 2016 ఆగస్టులో ఖగోళ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ గ్రహం బరువు భూమి బరువుకు దగ్గరగానే ఉండొచ్చనీ, అక్కడ నీరు ద్రవరూపంలో నిలిచే అవకాశం ఉందనీ తెలియగానే ఒక మాట ప్రచారంలోకి వచ్చింది. ‘భూమి పాడైపోతే అక్కడికి వెళ్లిపోవచ్చు’ అన్నదే ఆ మాట. బడి పిల్లలు సైన్స్ క్లబ్బుల్లో దీన్ని అడుగుతున్నారు. వీడియోలు దీన్ని హామీలా చెబుతున్నాయి. పెద్దలు కూడా ఎప్పుడో ఒకప్పుడు అవుతుందిలే అని నమ్ముతున్నారు.

ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా ఇంజిన్ దగ్గరికే చేరుతుంది. ఏ ఇంజిన్ కావాలి, ఎవరు కనిపెడతారు, ఎన్నేళ్లు పడుతుంది? ఇంజిన్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం. ఆ నౌకను కదిలించడానికి ఎంత శక్తి కావాలి, అది ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి జవాబు వెతకడానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు. లెక్క వేసి చూస్తే, నక్షత్రాల మధ్య ప్రయాణాన్ని ప్రకృతి పూర్తిగా నిషేధించలేదని తెలుస్తుంది. అయితే, భూమి నుంచి పారిపోవడానికి అది దారి కాదని కూడా తెలుస్తుంది.

వేగమే ఖరీదు

ప్రాక్సిమా 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే సుమారు 40 లక్షల కోట్ల కిలోమీటర్లు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అదే వేగంతో ప్రాక్సిమా అంత దూరం వెళ్లాలంటే సుమారు 75,000 ఏళ్లు పడుతుంది. మనిషి తయారుచేసిన వాటిలో అత్యంత వేగంగా కదిలింది పార్కర్ సోలార్ ప్రోబ్. 2024 డిసెంబరులో సూర్యుడి పక్కగా దూసుకుపోతున్నప్పుడు అది సెకనుకు 192 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఆ వేగం దాని ఇంజిన్ ఇచ్చింది కాదు, సూర్యుడి గురుత్వాకర్షణ ఇచ్చింది. సూర్యుడికి దూరంగా పైకి వెళ్లేటప్పుడు ఆ వేగం తగ్గిపోతుంది. తగ్గకుండా నిలిచిందనుకున్నా ప్రాక్సిమాకు 6,600 ఏళ్లు పట్టేది.

మనిషి జీవితకాలంలో చేరాలంటే కాంతి వేగంలో కనీసం పదో వంతు, అంటే సెకనుకు 30,000 కిలోమీటర్లు కావాలి. అప్పుడు ప్రయాణం 42 ఏళ్లు. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగింతలవుతుంది. వేగం పదింతలైతే శక్తి వందింతలు కావాలి.

ఒక కిలో బరువును కాంతి వేగంలో పదో వంతుకు చేర్చడానికి కావలసిన శక్తిని మన కరెంటు మీటరు భాషలో చెబితే 12.5 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లను తీసుకుంటే, 52,000 ఇళ్లు ఏడాది పొడవునా వాడే కరెంటు అది. ఒక్క కిలోకే ఇంత.

ఇప్పుడు 1,000 టన్నుల నౌకను ఊహించుకుందాం. ఇది పెద్దదేమీ కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బరువే సుమారు 420 టన్నులు, అందులో మామూలుగా ఉండేది ఏడుగురు. ఆ లెక్కన 1,000 టన్నుల నౌకలో 20 మంది కూడా పట్టరు. దాన్ని ఆ వేగానికి చేర్చడానికి 125 లక్షల కోట్ల యూనిట్లు కావాలి. మన దేశం ఏడాదికి ఉత్పత్తి చేసే కరెంటు సుమారు 1.8 లక్షల కోట్ల యూనిట్లు. దేశంలో ఒక్క బల్బు కూడా వెలిగించకుండా 70 ఏళ్ల కరెంటును దాచిపెట్టాలన్నమాట. ప్రపంచమంతా కలిసి ఇచ్చినా నాలుగేళ్ల కరెంటు అయిపోతుంది. ఇది నౌక వేగం అందుకోవడానికే. అక్కడ ఆగాలంటే కనీసం మళ్లీ అంత శక్తీ కావాలి. ఈ లెక్కలో వృథా ఒక్క యూనిట్ కూడా లేదని గుర్తుంచుకోవాలి. అలాంటి యంత్రం ప్రపంచంలో లేదు.

ఇంధనాన్ని మోయడానికి ఇంధనం

శక్తి దొరికిందే అనుకుందాం. దాన్ని నౌకలో మోసుకెళ్లడం మరో సమస్య. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని తీసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ బయలుదేరేటప్పుడు 640 టన్నులుంది. అది మోసిన చంద్రయాన్-3 బరువు 3.9 టన్నులు. మిగిలినదంతా ఇంధనం, దాన్ని పట్టి ఉంచే తొట్లు, ఇంజిన్లు. రాకెట్ తన ఇంధనాన్ని కూడా తానే మోయాలి. ఎక్కువ వేగం కావాలంటే ఎక్కువ ఇంధనం, ఆ ఇంధనాన్ని మోయడానికి మరింత ఇంధనం. ఈ సంబంధాన్ని రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ 1903లో సమీకరణంగా రాసి ప్రచురించాడు.

ఆ సమీకరణంలో అసలు విషయం రాకెట్ వెనక నుంచి వెలువడే వాయువుల వేగం. రసాయన ఇంధనాల్లో మేటి జోడీ ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. మన క్రయోజెనిక్ ఇంజిన్లలో వాడేది అదే. ఆ వాయువుల వేగం గరిష్ఠంగా సెకనుకు 4.5 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఈ ఇంధనంతో కాంతి వేగంలో పదో వంతు అందుకోవాలంటే, చివరికి మిగిలే ప్రతి కిలోకూ బయలుదేరేటప్పుడు ఉండాల్సిన బరువు ఎంతో తెలుసా? 1 పక్కన దాదాపు 2,900 సున్నాలు పెట్టినన్ని కిలోలు. మనకు కనిపించే విశ్వం మొత్తంలో ఉన్న పరమాణువుల సంఖ్యకే 1 పక్కన 80 సున్నాలు చాలు. కాబట్టి రసాయన రాకెట్‌ను ఎంత పెద్దది చేసినా నక్షత్రాలకు చేరదు. దీన్ని ఏ ప్రభుత్వమూ బడ్జెట్ పెంచి మార్చలేదు.

కేంద్రక శక్తి చాలదా?

రసాయన ఇంధనం కాకపోతే అణుశక్తి అంటారు. సరైన దిశే. యురేనియం విచ్ఛిత్తిలో ద్రవ్యరాశిలో వెయ్యో వంతు కంటే కాస్త తక్కువ శక్తిగా మారుతుంది. హైడ్రోజన్ సంలీనమై హీలియం అయినప్పుడు 0.7 శాతం మారుతుంది. రసాయన ఇంధనాలతో పోలిస్తే ఇది లక్షల రెట్లు ఎక్కువ. అయినా దీనికీ ఒక హద్దుంది. ఆ 0.7 శాతం శక్తి రవ్వంత కూడా వృథా కాకుండా, సంలీనంలో పుట్టిన హీలియాన్ని వెనక్కి నెట్టడానికే ఉపయోగపడినా దాని వేగం కాంతి వేగంలో 12 శాతం దాటదు. ఈ హద్దును ప్రకృతే నిర్ణయించింది.

ఈ దారిలో లోతుగా ఆలోచించిన తొలి బృందాల్లో బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ ఒకటి. 1973 నుంచి 1978 వరకు ఆ సభ్యులు ‘డెడాలస్’ అనే నౌకకు కాగితం మీద రూపకల్పన చేశారు. డ్యుటీరియం, హీలియం-3 కలిపిన చిన్న గుళికలను సెకనుకు 250 చొప్పున పేల్చుతూ నౌకను నెట్టాలన్నది ఆలోచన. నౌక బరువు 54,000 టన్నులు, అందులో ఇంధనమే 50,000 టన్నులు. భూమి మీద హీలియం-3 అంత దొరకదు కాబట్టి గురుగ్రహ వాతావరణం నుంచి తీయాలని ప్రతిపాదించారు. ఇంత చేస్తే, సుమారు 450 టన్నుల పరికరాలు కాంతి వేగంలో 12 శాతంతో 50 ఏళ్లలో బర్నార్డ్ నక్షత్రాన్ని చేరతాయి. చేరి ఆగవు, పక్క నుంచి దూసుకుపోతాయి. అందులో మనుషులు లేరు.

మరి ఇప్పుడు మనం ఎక్కడున్నాం? 2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో ఒక ఇంధన గుళికను లేజర్లతో పేల్చితే 3.15 మెగాజౌళ్ల సంలీన శక్తి వచ్చింది. గుళికకు అందిన లేజర్ శక్తి కంటే అది ఎక్కువ కావడం గొప్ప ముందడుగే. కానీ ఇంటి మీటరులో చూస్తే అది ఒక యూనిట్ కంటే తక్కువ. ఆ లేజర్లను ఒక్కసారి పేల్చడానికి గ్రిడ్ నుంచి తీసుకున్నది సుమారు 80 యూనిట్లు. డెడాలస్‌కు అలాంటి గుళికలు సెకనుకు 250, ఏళ్ల తరబడి పేలాలి.

ఆగడం గురించి కూడా ఒక్క మాట. సంలీన నౌక వెలువరించే పదార్థం వేగం సెకనుకు 10,000 కిలోమీటర్లు అనుకుందాం. కాంతి వేగంలో పదో వంతు అందుకోవడానికి 1,000 టన్నుల నౌక 20,000 టన్నులతో బయలుదేరాలి. అక్కడికి వెళ్లి ఆగాలంటే 40,000 టన్నులు కాదు, 4 లక్షల టన్నులు కావాలి. ఎందుకంటే ఆగడానికి వాడే ఇంధనాన్ని కూడా ముందు అంత వేగానికి చేర్చాలి.

ఇక ప్రతిపదార్థం. పదార్థం, ప్రతిపదార్థం కలిస్తే ద్రవ్యరాశి మొత్తం శక్తిగా మారుతుంది. ఒక గ్రాము ప్రతిపదార్థం ఒక గ్రాము పదార్థంతో కలిస్తే 5 కోట్ల యూనిట్ల శక్తి వస్తుంది. వినడానికి ఇదే జవాబులా ఉంటుంది. కానీ ప్రతిపదార్థానికి గనులు లేవు. ప్రతి కణాన్నీ మనమే తయారుచేయాలి, అందుకు తిరిగి వచ్చేదానికంటే ఎన్నో రెట్లు శక్తి పెట్టాలి. అంటే అది శక్తికి మూలం కాదు, చాలా ఖరీదైన బ్యాటరీ మాత్రమే. సెర్న్ ప్రయోగశాల ఇప్పటిదాకా తయారుచేసిన ప్రతిపదార్థమంతా ఒకచోట చేర్చి వాడినా ఒక్క బల్బు కొన్ని నిమిషాలు వెలుగుతుందని ఆ సంస్థే చెబుతోంది.

వేడిని ఎక్కడ వదలాలి?

సినిమాలు ఎప్పుడూ చూపని సమస్య ఇంకొకటుంది. మన 1,000 టన్నుల నౌక పదేళ్లలో వేగం అందుకోవాలంటే సగటున 1,400 గిగావాట్లకు పైగా శక్తి దానికి అందుతూ ఉండాలి. మన దేశంలోని విద్యుత్ కేంద్రాలన్నిటి స్థాపిత సామర్థ్యం 500 గిగావాట్ల స్థాయిలో ఉంది. దానికి దాదాపు మూడింతలు ఒకే నౌకలో ఇమడాలి.

అందులో పదో వంతు వేడిగా నౌకలోనే మిగిలిపోయిందనుకుందాం. ఇది చాలా ఉదారమైన అంచనా. భూమి మీద థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లుంటాయి, గాలి ఉంటుంది, పక్కనే కూలింగ్ టవర్లుంటాయి. అంతరిక్షంలో అవేవీ లేవు. వేడిని వికిరణంగా వెదజల్లడం ఒక్కటే దారి. అంతరిక్ష కేంద్రానికి ఉన్న పెద్ద రేడియేటర్లు వదిలేది సుమారు 70 కిలోవాట్లు. మన నౌక వదలాల్సింది దానికి 20 లక్షల రెట్లు. రేడియేటర్ పలకలను 1,500 కెల్విన్ల దాకా ఎర్రగా కాల్చి, రెండు వైపుల నుంచీ వేడి వదిలినా 60 ఎకరాల పలకలు కావాలి. చదరపు మీటరుకు పది కిలోలే అనుకుంటే వాటి బరువు 2,500 టన్నులు. నౌక కంటే దాని రేడియేటరే రెండున్నర రెట్లు బరువన్నమాట. ఇంకా బలమైన ఇంజిన్ కనిపెడితే సమస్య తీరదు, ఇంకా పెరుగుతుంది.

నెమ్మదిగా వెళ్తే?

కాంతి వేగంలో నూరో వంతుతో వెళ్తే శక్తి అవసరం వంద రెట్లు తగ్గుతుంది. ప్రయాణం మాత్రం 424 ఏళ్లు. తరతరాలు నౌకలోనే పుట్టి, పెరిగి, చనిపోవాలి. నక్షత్రాల మధ్య ఎండ ఉండదు కాబట్టి సౌర పలకలు పనికిరావు. వంద మందికి ఒక మెగావాట్ చొప్పున కరెంటు ఇవ్వడానికి అన్నేళ్లకూ కలిపి విచ్ఛిత్తి చెందాల్సింది అర టన్ను యురేనియమే. ఇక్కడ ఇంధనం అడ్డు కాదు. కష్టమంతా యంత్రం మన్నికలో ఉంది. మన దేశపు తొలి అణు విద్యుత్ కేంద్రం తారాపూర్‌లో 1969లో మొదలైంది. దానికింకా 60 ఏళ్లు నిండలేదు. వాయేజర్లలోని ప్లుటోనియం బ్యాటరీలు బయలుదేరినప్పుడు ఒక్కో నౌకకూ 470 వాట్లు ఇచ్చేవి. ఏటా 4 వాట్ల చొప్పున తగ్గుతూ సగానికి పడిపోయాయి. శాస్త్రవేత్తలు ఒక్కో పరికరాన్నీ ఆపుకుంటూ వస్తున్నారు. అర్ధ శతాబ్దానికే ఇలా ఉంటే, విడిభాగాలు దొరకని చోట నాలుగు శతాబ్దాలు నడిచే రియాక్టర్ సంగతి ఆలోచించండి.

ఇంజిన్‌ను ఇంటి దగ్గరే ఉంచితే?

ఈ చిక్కుల మధ్య ఒక్క మార్గం మాత్రం భౌతికశాస్త్రానికి ఎదురు వెళ్లకుండా, తెలివిగా పక్క నుంచి వెళ్తుంది. ఇంధనాన్నీ ఇంజిన్‌నూ భూమి మీదే ఉంచి, నౌకకు పలుచటి అద్దంలాంటి తెరచాప కట్టి, దాన్ని లేజర్ కాంతితో నెట్టడం. కాంతికి బరువు లేకపోయినా ద్రవ్యవేగం ఉంది. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ నౌక సూర్యకాంతి ఒత్తిడితోనే వేగం పుంజుకుని ఇది సాధ్యమేనని చూపించింది.

కానీ కాంతి తోపు చాలా బలహీనం. కర్నూలు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. దాని పూర్తి సామర్థ్యాన్ని ఒక్క వాటు కూడా పోకుండా లేజర్‌గా మార్చి అద్దం మీద కొడితే వచ్చే తోపు, భూమి మీద 680 గ్రాముల వస్తువు బరువుకు సమానం. దాదాపు ఆరువేల ఎకరాల సోలార్ పార్కు నెట్టగలిగేది అంతే.

అందుకే 2016 ఏప్రిల్‌లో యూరీ మిల్నర్, స్టీఫెన్ హాకింగ్ ప్రకటించిన ‘బ్రేక్‌త్రూ స్టార్‌షాట్’ ఆలోచన గ్రాముల బరువు నౌకలకే పరిమితమైంది. కాంతి వేగంలో ఐదో వంతుకు చేరే ఒక గ్రాముకు కావలసిన గతిశక్తి 5 లక్షల యూనిట్లే. అయితే దాన్ని కొద్ది నిమిషాల్లోనే ఇవ్వాలి కాబట్టి లేజర్ల సామర్థ్యం 100 గిగావాట్లు ఉండాలి. 2024 మేలో మన దేశపు విద్యుత్ డిమాండ్ 250 గిగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. అందులో ఐదింట రెండు వంతులను ఒక చిన్న తెరచాప మీద గురిపెట్టాలి. తెరచాప ఆ కాంతిలో లక్షో వంతు పీల్చుకున్నా, దాని మీద చదరపు మీటరుకు 60 కిలోవాట్ల వేడి పడుతుంది. ఇంత చేసి 21 ఏళ్లకు ప్రాక్సిమా చేరిన నౌక ఆగలేదు. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరాన్ని 42 నిమిషాల్లో దాటేస్తుంది. ఆ కాస్త సమయంలో తీసిన ఫొటోను గ్రాము బరువున్న పరికరం 4.24 కాంతి సంవత్సరాల దూరం పంపాలి.

ఇది చాలా కష్టం, కానీ ప్రకృతి నియమాలకు విరుద్ధం కాదు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడమే ముఖ్యం.

‘విమానం కూడా ఎగరదన్నారు కదా!’

ఇక్కడిదాకా చదివిన కొందరు ఈ ప్రశ్న వేస్తారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ విమానం కంటే ముందే పక్షులు ఎగురుతున్నాయి. గాలి కంటే బరువైనది ఎగరకూడదని చెప్పే నియమం ఏదీ లేదు. అప్పుడు లేనిది తగిన ఇంజిన్, దాన్ని నడిపే నేర్పు. ఇక్కడ అడ్డుపడుతున్నవి శక్తి నిత్యత్వం, ద్రవ్యవేగ నిత్యత్వం, వేడిని వదలడానికి ఉన్న హద్దు. ఇవి మన నేర్పును బట్టి మారేవి కావు.

వీటిని దాటేశామన్న వార్తలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఏ ఇంధనమూ వెలువరించకుండా మైక్రోవేవ్ తరంగాలతో తోపు పుట్టిస్తుందన్న ‘ఎమ్‌డ్రైవ్’ కొన్నేళ్లు పతాక శీర్షికలకెక్కింది. 2021లో జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం జాగ్రత్తగా కొలిచి, అందులో తోపు ఏమీ లేదని తేల్చింది. ఆ సంగతి ఎన్ని పత్రికల్లో వచ్చింది? 1994లో మిగెల్ అల్కుబియెర్ ప్రతిపాదించిన వార్ప్ డ్రైవ్ గణితపరంగా అందమైనదే. కానీ దానికి కావలసిన రుణాత్మక శక్తిని ఆ మోతాదులో ఎవరూ ఎక్కడా చూడలేదు. సైన్స్ రాసేవాళ్లం మొదటి వార్తకు ఇచ్చిన చోటు రెండోదానికీ ఇవ్వాలి.

పారిపోయే దారి కాదు

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. భూమి పాడైపోతే వెళ్లిపోదాం అనేవారు ఒక్క సంగతి ఆలోచించాలి. 20 మందిని కూడా మోయలేని నౌకకు ప్రపంచపు నాలుగేళ్ల కరెంటును, బొగ్గూ చమురూ కాల్చకుండా, ఇంట్లో ఎవరికీ లోటు రాకుండా పక్కన పెట్టగలిగే సమాజం ఎలా ఉంటుంది? దానికి శక్తి కొరత తీరిపోయి ఉంటుంది. వాతావరణ మార్పునూ అది చాలావరకు అదుపులో పెట్టి ఉంటుంది. నాలుగు వందల ఏళ్లు వ్యర్థం లేకుండా గాలినీ నీటినీ తిరిగి వాడుకోగల నేర్పు ఉన్నవాళ్లు, ఆ నేర్పును మూసీ మీదా కృష్ణా మీదా ముందే వాడి ఉంటారు. అంటే నక్షత్రాలకు వెళ్లగలిగే స్థితికి వచ్చిన సమాజానికి పారిపోవాల్సిన అవసరం ఉండదు. పారిపోవాల్సిన స్థితిలో ఉన్న సమాజానికి వెళ్లే స్తోమత ఉండదు. 800 కోట్ల మంది సంగతి సరే, ఒక వీధి జనాన్ని కూడా అది తీసుకెళ్లలేదు.

అలాగని నక్షత్రాల గురించి ఆలోచించడం మానేయమని కాదు. చేయగలిగిన పని చాలా ఉంది. గ్రాముల బరువు నౌకలు, వేడికి తట్టుకునే పలుచటి తెరచాపలు, శక్తిమంతమైన లేజర్లు, దశాబ్దాలు నడిచే చిన్న అణు బ్యాటరీలు మన విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల స్థాయిలోనూ పరిశోధించదగ్గ విషయాలే. అన్నిటికంటే ముందు టెలిస్కోపులు. ముప్పై మీటర్ల టెలిస్కోపు ప్రాజెక్టులో మన దేశం భాగస్వామి. చిలీలో 39 మీటర్ల ఐరోపా టెలిస్కోపు నిర్మాణంలో ఉంది. ప్రాక్సిమా వెలుగు 4.24 ఏళ్లు ప్రయాణించి రోజూ మన దగ్గరికి వస్తూనే ఉంది. ఆ ప్రయాణానికి మనం ఒక్క యూనిట్ కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు. దాన్ని పట్టుకునే పెద్ద అద్దం ఉంటే చాలు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. గతిశక్తి పాఠం చెప్పేటప్పుడు కొండ మీది నుంచి దొర్లే రాయి లెక్కతో పాటు ఈ లెక్క కూడా ఇవ్వండి. ఒక కిలో, సెకనుకు 30,000 కిలోమీటర్లు, ఎన్ని యూనిట్లు? జవాబు వచ్చాక దాన్ని తమ ఇంటి కరెంటు బిల్లుతో భాగించమనండి. రేపు ‘కొత్త ఇంజిన్‌తో నక్షత్రాలకు’ అన్న వీడియో కనిపించినప్పుడు ఆ పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న మారుతుంది.